నియమం, లొసుగు, పాత్ర: డంజన్స్ అండ్ డ్రాగన్స్ నియమగ్రంథాలపై ఒక పరిశీలన

సాహిత్య విమర్శ కథను, కావ్యాన్ని, నాటకాన్ని తన విషయంగా స్వీకరించింది. కథ చెప్పకుండా, కథ పుట్టడానికి కావలసిన కట్టుబాట్లను మాత్రమే చెప్పే గ్రంథాల జోలికి అది అరుదుగా వెళ్లింది. వ్యాకరణమూ ఛందశ్శాస్త్రమూ అటువంటి గ్రంథాలే అయినా, వాటిని మనం శాస్త్రాలుగా చదివామే తప్ప రచనలుగా చదవలేదు. ఈ వ్యాసానికి విషయమైన గ్రంథాలు కూడా ఆ కోవకు చెందినవే. బల్ల చుట్టూ కూర్చొన్న నలుగురైదుగురు పాచికలు వేస్తూ, మాటలతోనే ఒక కల్పితలోకంలో సంచరించే ఆటను పాత్రధారణ క్రీడ అనవచ్చు. ఈ క్రీడలకు మాతృక డంజన్స్ అండ్ డ్రాగన్స్. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రచించిన ఈ ఆట 1974లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రం, లేక్ జెనీవా పట్టణం నుంచి మూడు చిన్న పుస్తకాలుగా వెలువడింది. ఆ తరువాతి అర్ధశతాబ్దిలో అనేక సవరణలకు లోనై పెద్ద సంపుటాలుగా పెరిగింది.

ఆట తీరును క్లుప్తంగా చెప్పుకోవాలి. ఒకరు నిర్వాహకుడు, అతనికి డంజన్ మాస్టర్ అని పేరు. కొండగుహ, పాడుబడ్డ కోట, సత్రం, శత్రువు అన్నీ అతని మాటలలోనే ఉంటాయి. మిగిలినవారు తలా ఒక పాత్రను ధరించి ఆ పాత్ర ఏం చేస్తుందో చెబుతారు. ఫలితం సందిగ్ధమైన చోట పాచిక వేస్తారు. పాత్ర శక్తిసామర్థ్యాలన్నీ ఒక కాగితం మీద అంకెలుగా ఉంటాయి. ఆ కాగితాన్ని ఈ వ్యాసంలో పాత్రపత్రం అంటున్నాను. దెబ్బలకు తట్టుకొనే శక్తిని సూచించే అంకెలను ప్రాణాంకాలు అంటున్నాను.

ఈ ఆట ఆడేవారిలో ఒక పాత వివాదం ఉంది. నియమాలను జల్లెడ పట్టి, వాటి కలయికలలోని లొసుగులను వెతికి, అత్యంత బలమైన పాత్రను నిర్మించేవారు ఒక పక్షం. అంకెలను పక్కన పెట్టి పాత్ర స్వభావాన్ని, మాటతీరును, గతాన్ని పోషించేవారు రెండవ పక్షం. మొదటివారిది లెక్కల పని, రెండవవారిది సాహిత్యం పని అనే అభిప్రాయం బలంగా ఉంది. ఈ పుస్తకాలను చదవడం మొదలుపెట్టిన రోజులలో ఈ వ్యాసకర్త అభిప్రాయమూ అదే. గ్రంథాలను వరుసగా చదివిన మీదట ఆ గీత తప్పు చోట గీశారని తోచింది. లొసుగు పాత్రకు శత్రువు కాదు. కొన్ని లొసుగులు పాత్రను కంటాయి, కొన్ని కనవు. ఆ తేడా ఎక్కడ ఉందో నిరూపించడమే ఇక్కడి ప్రయత్నం.

కొరత అనే బీజం

1974 నాటి పుస్తకంలో పాత్రకు ఆరు గుణాలు: బలం, మేధ, వివేకం, దేహదార్ఢ్యం, చురుకుదనం, ఆకర్షణ. ఒక్కొక్క గుణానికి ఆరు ముఖాల పాచికలు మూడు వేసి, వచ్చిన మొత్తాన్ని వరుసగా రాసుకోవాలి. విశేషమేమంటే ఆ పాచికలు వేసేది ఆటగాడు కాదు, నిర్వాహకుడు. మూడు పాచికలు 216 విధాలుగా పడవచ్చు. వాటిలో 18 వచ్చేది ఒక్క విధంగానే. 10 గాని 11 గాని వచ్చేవి 54. అంటే నాలుగింట ఒక వంతు నడిమి అంకెలే. వీరుడిని ఊహించుకొని కూర్చొన్న వ్యక్తి చేతికి బలం 8, వివేకం 15 ఉన్న మనిషిని ఇస్తారు. ఇక అతడు ఎవరో, ఈ బలహీనతతో కత్తి ఎందుకు పట్టాడో, ఆటగాడే వివరణ వెతుక్కోవాలి. నిజానికి పాత్రచిత్రణ అక్కడ మొదలవుతుంది. ముందు మనిషి, తరువాత అతని కథ.

1979లో వెలువడిన నిర్వాహకుల గ్రంథం ఈ పద్ధతిని మార్చింది. అందులోని మొదటి విధానం ప్రకారం నాలుగు పాచికలు వేసి, చిన్నదానిని తీసివేసి, వచ్చిన అంకెలను ఇష్టమొచ్చిన గుణాలకు కేటాయించుకోవచ్చు. సగటు పదిన్నర నుంచి సుమారు పన్నెండుంపావుకు పెరిగింది. పెరిగిన అంకె కన్నా, ‘ఇష్టమొచ్చిన గుణాలకు’ అన్న స్వేచ్ఛ ముఖ్యం. ఇప్పుడు ముందు కథ, తరువాత మనిషి. బుద్ధిమంతుడిని కావాలనుకొన్నవాడు పెద్ద అంకెను మేధకు పెట్టుకొంటాడు. పనికిరాని అంకెను పనికిరాని గుణానికి తోసివేస్తాడు. కొరత ఉంటుంది గాని నొప్పి లేని చోట ఉంటుంది.

ఇదే కాలంలో, ఇదే కుటుంబానికి చెందిన మరికొన్ని ఆటలు కొరతను వేరు విధంగా చూశాయి. మార్క్ మిల్లర్ రచించిన ట్రావెలర్ 1977లో వచ్చింది. అది కత్తులూ మంత్రాలూ ఉన్న లోకం కాదు, నక్షత్రాంతర యానాల లోకం. అయినా పాత్రనిర్మాణ చర్చలో దానిని విడిచిపెట్టలేము. అందులో పాత్ర పద్దెనిమిదేళ్ల వయసులో నౌకాదళంలోనో సైన్యంలోనో చేరుతుంది. నాలుగేసి సంవత్సరాల సేవాకాలం గడిచిన కొద్దీ నైపుణ్యాలు వస్తాయి. అయితే ప్రతి విడతలో బతికి బయటపడటానికి పాచిక వేయాలి. అది తప్పితే పాత్ర ఆట మొదలుకాకముందే చనిపోతుంది. ఈ నియమాన్ని చూసి నవ్వనివారు లేరు. కాని ఇంకొక విడత ఉందామా, చాలించి బయటపడదామా అనే సందిగ్ధం పాత్రపత్రం నింపుతున్నప్పుడే మొదలవుతుంది. ఆ సందిగ్ధం ఆటగాడిదా, పాత్రదా అని విడదీసి చెప్పడం కష్టం.

స్టీవ్ జాక్సన్ రచించిన గర్ప్స్ (1986) కొరతను ధర కట్టి అమ్మింది. పాత్రకు కుంటికాలో, పిరికితనమో, తీరని శత్రుత్వమో ఉన్నదని రాసుకొంటే కొన్ని అంకెలు లభిస్తాయి. వాటితో బలాన్ని కొనుక్కోవచ్చు. చిన్నచిన్న వింత అలవాట్లు అయిదింటి వరకు రాసుకొని ఒక్కొక్క దానికి ఒక్క అంకె పొందవచ్చు. సాహిత్య దృష్టితో చూస్తే ఇది విచిత్రమైన వ్యవస్థ. పాత్రకు విశిష్టతనిచ్చే అలవాటు ఇక్కడ అన్నిటికంటే చవుకైన సరకు. ఆ చవుకదనం వల్లనే ఆటగాళ్లు అయిదు అలవాట్లూ నింపుతారనీ, నింపినవాటిని మరచిపోతారనీ ఊహించడం కష్టం కాదు. కొరతను అమ్ముకొన్నవాడికి దానితో అనుబంధం ఉండదు. 2014 ముద్రణలో డంజన్స్ అండ్ డ్రాగన్స్ కూడా పాత్రకు ఒక ఆదర్శం, ఒక బంధం, ఒక లోపం చొప్పున పట్టికల నుంచి ఎంచుకొనే ఏర్పాటు చేసింది. ఆ పట్టికలలోని వాక్యాలు బాగానే ఉంటాయి. కాని లోపం ఒక వాక్యంగా మిగిలిందే తప్ప పాచికను తాకలేదు. 1974 నాటి ‘బలం 8’ మాత్రం తలుపు తోసినప్పుడల్లా తగులుతుంది.

కవి కావడానికి పట్టిన కాలం

తెలుగు శాఖలో పనిచేసేవాడికి సహజంగానే కవి పాత్ర మీద దృష్టి పోతుంది. ఈ ఆటలో కవి ఉన్నాడు. గానంతో మిత్రులకు ఉత్సాహం కలిగించి, పురాతన గాథలు తెలిసి, మాటతో మంత్రం వేసే అతనిని బార్డ్ అంటారు. 1978లో వచ్చిన ఆటగాళ్ల గ్రంథంలో అతని నియమాలు అనుబంధంలో ఉన్నాయి. నేరుగా కవిగా ఆట మొదలుపెట్టడం అందులో కుదరదు. పాత్ర మొదట యోధుడుగా జీవితం ఆరంభించి కనీసం అయిదవ స్థాయికి చేరాలి. ఎనిమిదవ స్థాయి రాకముందే ఆ వృత్తిని విడిచి దొంగ కావాలి. దొంగగా మళ్లీ కనీసం అయిదవ స్థాయి వరకు పోయి, తొమ్మిది రాకముందే అదీ విడిచిపెట్టి, వనదేవతల అర్చకులైన డ్రూయిడ్‌ల శుశ్రూష చేయాలి. అప్పటికి గాని కవి కాడు. దీనికి తోడు బలం, వివేకం, చురుకుదనం, ఆకర్షణ నాలుగూ పదిహేనుకు తగ్గరాదు. మేధ పన్నెండు, దార్ఢ్యం పది ఉండాలి. పాత పద్ధతిలో మూడు పాచికలు వరుసగా వేస్తే ఇటువంటి అంకెలు పడే అవకాశం సుమారు 58 వేలలో ఒకటి. కవి దుర్లభుడనే మాటను ఇంత లెక్కగా చెప్పిన గ్రంథం మరొకటి నేను చూడలేదు.

ఈ నియమాన్ని వికృతమైన నియమాలకు ఉదాహరణగా చూపడం పరిపాటి. వృత్తులు మారే పద్ధతి ఆ పుస్తకంలో మనుష్యపాత్రలకు వేరుగా, ఇతర జాతులకు వేరుగా ఉంటుంది. కవి నియమం ఈ రెండింటిలో దేనికీ చక్కగా అతకదు. నియమవ్యవస్థగా అది లోపభూయిష్ఠమే. కాని దానిని చరిత్రగా చదివి చూడండి. యుద్ధం చేసి, యుద్ధం విడిచి. దొంగతనం నేర్చి, దొంగతనం విడిచి. అడవిలో గురువు దగ్గర కూర్చొని, చివరకు నోరు విప్పిన మనిషి. ఇది కవి జీవితచరిత్ర. బందిపోటు వాల్మీకి అయిన కథను చిన్నప్పుడే విన్న మనకు ఇందులో వింత కనిపించదు. ఆటగాడు ఒక్క వాక్యం రాయనక్కరలేదు. నియమాన్ని అనుసరించినంత మాత్రాన పాత్రకు గతం, పశ్చాత్తాపం, విద్య సమకూరుతాయి. నెలల తరబడి ఆడితే గాని ఆ స్థాయిలు రావు; కనుక ఆ గతం కల్పించి చెప్పుకొన్నది కాదు, బల్ల దగ్గర అందరూ చూస్తుండగా జరిగినది.

1989 నాటి రెండవ ముద్రణ ఈ వంకరను సరిచేసింది. కవిని దొంగల వర్గంలో చేర్చి, మొదటి స్థాయి నుంచే అందుబాటులోకి తెచ్చింది. నియమం చక్కబడింది, ఆడటం సులువైంది. కాని యోధుడు, దొంగ, శిష్యుడు ముగ్గురూ పాత్రలో నుంచి వెళ్లిపోయారు. ఆ గతం కావలసిన ఆటగాడు ఇప్పుడు దానిని కాగితం వెనుక పేరాగా రాసుకోవాలి. సంస్కరణ పేరుతో జరిగిన ఈ నష్టాన్ని ఆట చరిత్రకారులు తగినంతగా గుర్తించలేదని నా అభిప్రాయం.

మాంత్రికుల విషయంలోనూ ఇటువంటి వంకర ఒకటి ఉంది. మాంత్రికుడు ఉదయం కొన్ని మంత్రాలు ధారణ చేస్తాడు. ప్రయోగించిన వెంటనే ఆ మంత్రం మనసు నుంచి చెరిగిపోతుంది. అమెరికన్ రచయిత జాక్ వాన్స్ 1950లో ప్రచురించిన ద డయింగ్ ఎర్త్ కథల నుంచి గైగాక్స్ తీసుకొన్న ఊహ ఇది. చెప్పినది చివరి వరకు నిలుపుకొని తిరిగి అప్పజెప్పడమే విద్యగా భావించే అవధాన సంప్రదాయంలో పెరిగినవారికి, చెప్పగానే మరచిపోవడమే విద్యగా ఉన్న మాంత్రికుడు తలకిందులుగా నిలబడ్డ అవధానిలా కనిపిస్తాడు.

అక్షరం అర్థాన్ని దాటినప్పుడు

ఇక లొసుగులు. 2000లో వచ్చిన మూడవ ముద్రణ, 2003లో దాని సవరణ ఈ విషయంలో గనులు. అంతవరకు చెదురుమదురుగా ఉన్న నియమాలను ఇరవై ముఖాల పాచిక చుట్టూ ఒకే వ్యవస్థగా కూర్చిన ముద్రణ ఇది. వ్యవస్థ ఎంత పూర్ణంగా ఉంటే దానిని అక్షరశః చదవాలనే కోరిక అంత బలపడుతుంది. గ్రంథకర్తలలో ఒకరైన మాంటీ కుక్ తరువాత రాసిన ఒక వ్యాసంలో, కొన్ని ఎంపికలు మిగిలినవాటికన్నా తక్కువ ప్రయోజనకరంగా ఉండేట్టు తెలిసే కూర్చామనీ, నియమాలపై పట్టు సంపాదించినవారికి అది ప్రతిఫలమనీ ఒప్పుకొన్నాడు. గ్రంథమే పాఠకుడికి పాండిత్య పరీక్ష పెట్టిందన్నమాట.

ఆ పరీక్షలో తేలిన వింతలు కొన్ని కేవలం హాస్యాలు. ఏ దెబ్బ అయినా కనీసం ఒక ప్రాణాంకం తీసివేస్తుందని నియమం. సాధారణ గ్రామీణుడికి నాలుగు ముఖాల పాచిక వేయగా వచ్చినన్నే ప్రాణాంకాలు. పెంపుడు పిల్లి ఒక్క విడతలో రెండుసార్లు రక్కి ఒకసారి కరవగలదు. కనుక ఆ లోకంలో ఇంటి పిల్లి ఇంటి యజమానిని చంపగలదు. మరొకటి మునక. ప్రాణాంకాలు సున్నకు దిగువన పడి -10కి చేరితే మరణం. నీటిలో ఊపిరి ఆగినవాడి ప్రాణాంకాలు సున్న అవుతాయని పుస్తకం చెబుతుంది. రాసినవారి మనసులో ఆ సున్న పైనుంచి కిందికి పడే చోటు. అక్షరంలో మాత్రం దిశ లేదు, గమ్యమే ఉంది. కాబట్టి -8 దగ్గర కొనఊపిరితో ఉన్నవాడిని బకెట్టు నీటిలో ముంచితే సున్నకు ఎక్కి వస్తాడు. ముంచడం వైద్యమైంది.

ఇవి వ్యాఖ్యానశాస్త్రానికి చక్కని ఉదాహరణలు. మన వైయాకరణులు ఉత్సర్గం కన్నా అపవాదం బలీయమన్నారు. 2014 నాటి ఆటగాళ్ల గ్రంథం కూడా ఉపోద్ఘాతంలోనే సామాన్య నియమాన్ని విశేష నియమం బాధిస్తుందని ప్రకటించింది. అయితే ఏ నియమానికీ అందని ప్రయోగాల కోసం చిన్నయసూరి బాలవ్యాకరణంలో ‘బహుళము’ అనే తలుపు తెరచి ఉంచాడు. నిత్యంగానో, వికల్పంగానో, నిషేధంగానో, మరొక కార్యంగానో లక్ష్యాన్ని బట్టి నిర్ణయించుకొమ్మని దాని భావం. ఈ ఆటలో బహుళగ్రహణం నిర్వాహకుడి చేతిలో ఉంది. పిల్లి యజమానిని చంపుతుందా లేదా అన్నది అతడు సందర్భాన్ని బట్టి తేలుస్తాడు. పిల్లి, మునక వంటివి బల్ల వరకు వచ్చినా నవ్వుతో ముగుస్తాయి.

నవ్వుతో ముగియనిది రైతుల వరుస. ఆటలో యుద్ధం ఆరేసి సెకన్ల విడతలుగా సాగుతుంది. పక్కవాడు ఏదైనా అందిస్తే అందుకొని తరువాతివాడికి ఇస్తానని ముందుగా సిద్ధపడి ఉండటానికి నియమం అనుమతిస్తుంది. ఒక్కొక్కడు అయిదడుగుల చోటులో నిలబడగా 2,280 మంది రైతులను వరుసగా నిలిపితే ఆ వరుస పొడవు 11,400 అడుగులు, అంటే దాదాపు మూడున్నర కిలోమీటర్లు. మొదటివాడి చేతిలోని బల్లెం ఆరు సెకన్లలో చివరివాడి చేతికి వస్తుంది. ధ్వనివేగాన్ని మించిన వేగం అది. చివరివాడు దానిని విసిరితే కోటగోడ కూలిపోవాలని వాదం.

ఈ వాదంలోని దోషం సూక్ష్మమైనది. బల్లెం అంత దూరం పోవడానికి ఆటగాడు నియమాన్ని ఆశ్రయించాడు. అది కలిగించే విధ్వంసానికి భౌతికశాస్త్రాన్ని ఆశ్రయించాడు. ఆద్యంతం నియమాన్నే అనుసరిస్తే చివరి రైతు విసిరిన బల్లెం ఏ బల్లెమైనా చేసేంత హానినే చేస్తుంది, ఎందుకంటే నియమాలలో వేగానికి లెక్క లేదు. ఆద్యంతం భౌతికశాస్త్రాన్నే అనుసరిస్తే మూడవ రైతు దగ్గరే బల్లెం ఆలస్యమవుతుంది. ఒక ప్రమాణంతో ఎక్కి మరొక ప్రమాణంతో దిగడం ఇది. 2024లో వచ్చిన నిర్వాహకుల గ్రంథం ఈ వరుసను పరోక్షంగా ప్రస్తావించి, నియమాలు భౌతికశాస్త్రం కావని హెచ్చరించింది. ఒక నియమగ్రంథం తన మీద వచ్చిన కొంటె వ్యాఖ్యానానికి మూలంలోనే సమాధానం చెప్పుకోవడం విశేషం. అంతకుముందు 2008 ముద్రణకూ ఇదే గతి పట్టింది. శత్రువును పడగొట్టినప్పుడల్లా మిత్రులకు స్వస్థత కలిగించే శక్తులు అందులో ఉన్నాయి. సంచీలో ఎలుకలను మోసుకుపోయి వాటిని కొడుతూ స్వస్థత పొందడం కుదరదని, నిజమైన ప్రమాదం కలిగించే శత్రువుకే అవి వర్తిస్తాయని నిర్వాహకుల గ్రంథంలో రాయవలసివచ్చింది. ఎలుకల సంచీ ఇలా శాస్త్రగ్రంథంలోకి ఎక్కింది.

వరమూ దాని సందు

ఆద్యంతం అక్షరానికి కట్టుబడి ఉండి కూడా కథను నిలిపే లొసుగు సాధ్యమా? దానికి సమాధానం మన పురాణమే చెప్పింది. హిరణ్యకశిపుడు బ్రహ్మను కోరిన వరం నిజానికి ఒక నియమగ్రంథం. మనిషి వల్ల గాని మృగం వల్ల గాని, పగలు గాని రాత్రి గాని, ఇంటిలోన గాని వెలుపల గాని, నేల మీద గాని నింగిలో గాని, ఆయుధం వల్ల గాని చావు రాకూడదన్నాడు. తాను ఊహించగల ప్రతి సందునూ మూసివేసుకొన్నాడు. బలమైన పాత్రను కట్టుకోవాలనుకొనే ఆటగాడి పద్ధతి అచ్చంగా ఇదే. విష్ణువు ఆ వరంలో ఒక్క అక్షరాన్ని కూడా ఉల్లంఘించలేదు. దేవుడు కనుక వరం చెల్లదనీ అనలేదు. రెండు పదాల మధ్య మిగిలిన సందులోనే నిలబడ్డాడు. సంధ్య, గడప, తొడ, గోళ్లు, సగం మనిషి సగం సింహం.

ఇక్కడ గమనించవలసినది ఒకటి ఉంది. నరసింహుడి రూపం లొసుగు ఆకారమే. వరంలోని నిషేధాలను ఒక్కొక్కటిగా చదువుకొంటూ పోతే ఆ మూర్తి అవయవాలు ఒక్కొక్కటిగా ఏర్పడతాయి. అచ్చు పోసినట్టు నియమం ఖాళీ వదిలిన చోట మూర్తి నిండింది. లొసుగు అక్కడ అంకెగా మిగలలేదు, శరీరం ధరించింది. అంతేకాదు, ప్రహ్లాదుడు పిలిచాడు గనుక వచ్చింది. అడిగినవాడు ఒకడున్నాడు, జవాబుగా వచ్చినవాడు ఒకడున్నాడు.

ఈ కొలతతో మూడవ ముద్రణ కాలపు అత్యంత ప్రసిద్ధమైన లొసుగు పాత్రను చూద్దాం. అతని పేరు పన్-పన్. జాతి కోబోల్డ్, పొలుసుల దేహం గల అల్పజీవి, ఆటలో నవశిక్షితులు మొదట చంపే శత్రువు. 2004లో వచ్చిన సర్పెంట్ కింగ్‌డమ్స్ అనే అనుబంధ గ్రంథంలో సరుఖ్ అనే ప్రాచీన సర్పజాతికి ఒక శక్తి ఇచ్చారు. పొలుసుల ప్రాణులకు ఆ జాతి ఏ సామర్థ్యాన్నైనా ప్రసాదించగలదు. రాసినవారు దానికి హద్దు పెట్టలేదు. పొలుసుల జాతులు ఎలా పుట్టాయో చెప్పే పురాణానికి ఆధారంగా ఆ శక్తిని ఉంచారు. పన్-పన్ ఆ రూపాన్ని ఎలాగో పొంది, ఒక తోడు జీవి ద్వారా అదే శక్తిని తనకు ఇప్పించుకొంటాడు. ఇక అతడు పెంచుకోలేని గుణం లేదు, పొందలేని విద్య లేదు. అంకెలకు అంతం లేదు.

రైతుల వరుసలోని దోషం ఇక్కడ లేదు. పన్-పన్ ఆద్యంతం నియమంలోనే ఉన్నాడు; తర్కం నిర్దుష్టం. అయినా అతడు పాత్ర కాలేదు. అల్పుడైన కోబోల్డ్ సర్వశక్తుడు కావడంలో గొప్ప కథాబీజం ఉంది. వామనుడి కథ ఎరిగినవారికి అది వెంటనే తోస్తుంది. కాని ఆ బీజం మొలకెత్తదు, ఎందుకంటే పన్-పన్‌ను ఎవరూ ఏమీ అడగలేరు. అతనికి కొరత లేదు, ఎదురు లేదు. వామనుడు మూడడుగులు అడగడానికి బలి కావాలి, దానం చేసే చేయి కావాలి, వారించే శుక్రాచార్యుడు కావాలి. పన్-పన్‌కు నిర్వాహకుడు కూడా అక్కరలేదు. అతడు ఏ బల్ల దగ్గరా కూర్చొనడానికి పుట్టినవాడు కాడు. నియమగ్రంథపు అంచు ఎక్కడుందో చూపడానికి పుట్టిన నిదర్శనం. నిదర్శనంగా అతనికి విలువ ఉంది. అతనిని పాత్ర అని పిలవడంలోనే పొరపాటు ఉంది.

దీనికి ఎదురుగా 2014 ముద్రణలోని నిద్రపోని మాంత్రికుడిని ఉంచి చూడవచ్చు. ఆ ముద్రణలో వార్‌లాక్ తన మంత్రశక్తిని కొద్దిసేపటి విశ్రాంతితోనే తిరిగి పొందుతాడు. సోర్సరర్ మంత్రశక్తిని అంకెలుగా, అంకెలను మళ్లీ మంత్రశక్తిగా మార్చుకోగలడు. ఈ రెండు వృత్తులను ఒకే పాత్రలో కలిపితే కొద్దికొద్దిగా విశ్రమిస్తూ మంత్రశక్తిని కూడబెడుతూ పోవచ్చు. రాత్రి పూర్తిగా నిద్రపోతే మాత్రం కూడబెట్టినదంతా పోతుంది. కనుక ఆ పాత్ర నిద్రపోకూడదు. కాఫీ తాగి మేలుకొనేవాడని ఆటగాళ్లు అతనికి ముద్దుపేరు పెట్టారు. ఇది పచ్చి లెక్కల లొసుగే. అయినా దీనిలో ఎంత పాత్ర ఉందో చూడండి. వార్‌లాక్ అంటే ఏదో ఒక మహాశక్తితో ఒప్పందం చేసుకొన్నవాడు. అటువంటివాడు కూడబెట్టినది పోతుందన్న భయంతో కన్ను మూయడు. అతని లోభమే అతని జాగరణ. 2017లో గ్జానథార్ గ్రంథంలో చేరిన నియమం, ఒక దినమంతా నిద్ర లేకుండా గడిపినవాడు దేహదార్ఢ్య పరీక్షకు నిలవాలని, తప్పితే అలసట పైబడుతుందని చెప్పింది. పరీక్ష రోజురోజుకు కఠినమవుతుంది. నియమకర్తలు లొసుగును మూశామనుకొన్నారు. నా దృష్టిలో వారు పాత్రకు లేకపోయిన ఒక్కదానిని, కొరతను ఇచ్చారు. ఇప్పుడు అతడు మేలుకొని ఉండవచ్చు, కాని దేహం లెక్క అడుగుతుంది. కవి నియమాన్ని చక్కదిద్దినప్పుడు పాత్ర నష్టపోతే, ఇక్కడ చక్కదిద్దడం వల్ల పాత్ర లాభపడింది. సవరణలన్నిటినీ ఒకే గాటన కట్టి మెచ్చడం గాని నిందించడం గాని కుదరదు.

సభలో ప్రశ్న

గ్యారీ అలన్ ఫైన్ అనే సామాజికశాస్త్రవేత్త ఈ ఆటలను దగ్గరనుండి చూసి 1983లో షేర్డ్ ఫాంటసీ అనే గ్రంథం ప్రచురించాడు. బల్ల దగ్గర కూర్చొన్న మనిషి ఒకేసారి మూడు చట్రాలలో ఉంటాడని అతని ప్రతిపాదన: లోకంలోని వ్యక్తి, నియమాలు తెలిసిన ఆటగాడు, కల్పనలోని పాత్ర. ఈ విభాగం ఉపయోగకరమే గాని, మూడింటి మధ్య రాకపోకలు ఎక్కడ జరుగుతాయన్నది మనం అడగవలసిన ప్రశ్న. ఆ రాకపోకలకు లొసుగే వాకిలి అని నా ప్రతిపాదన. ఆటగాడు పుస్తకంలో ఒక సందు చూస్తాడు. ‘ఇది కుదురుతుందా?’ అని నిర్వాహకుడిని అడుగుతాడు. ఆ క్షణంలో ఆట ఆగుతుంది. ఆగినచోట బల్ల చుట్టూ ఉన్నవారందరి స్వభావం బయటపడుతుంది.

మన సాహిత్యంలో దీనికి మహోదాహరణ జూదసభే. పణంగా పెట్టే వేళకు ధర్మరాజుకు ద్రౌపది మీద అధికారం మిగిలి ఉన్నదా అన్నది శుద్ధమైన నియమప్రశ్న. ముందు ఓడినది ఎవరిని అన్న వరుస మీద అంతా ఆధారపడి ఉంది. ఆ ప్రశ్నకు సభలో తీర్పు దొరకలేదు. కాని ధర్మం సూక్ష్మమంటూ తప్పుకొన్న భీష్ముడు, లేచి నిలబడ్డ వికర్ణుడు, అతనిని అదలించిన కర్ణుడు ఆ ప్రశ్న వల్లనే మనకు తెలిశారు. నియమం తెగనిచోట మనుషులు తేలారు. ఆ ప్రశ్నను తర్కసమస్యగా మాత్రమే చదివితే సభాపర్వం ధర్మశాస్త్ర వ్యాఖ్య అవుతుంది. దానిని విడిచి దుఃఖాన్ని మాత్రమే చదివితే ద్రౌపది మేధ మనకు అందకుండా పోతుంది. రెండు పక్షాల ఆటగాళ్లు చేసే పొరపాట్లు ఈ రెండే.

ఈ ప్రతిపాదనకు ఒక గట్టి ఆక్షేపణ ఉంది. బల్ల దగ్గర అడిగిన ప్రశ్న, దొరికిన జవాబు ఎక్కడా నిలవవు. నిలవనిదానిని విమర్శ ఎలా పరిశీలిస్తుంది? నియమగ్రంథం ముద్రణలో ఉంటుంది, కాని అది కథ కాదు. కథ గాలిలో కలిసిపోయింది. ఈ ఆక్షేపణను పూర్తిగా తోసిపుచ్చలేను. అయితే ఒక ఆధారం మిగులుతుంది. అది పాత్రపత్రం. స్థాయి పెరిగినప్పుడల్లా, దెబ్బ తగిలినప్పుడల్లా అందులో అంకెలు చెరిపి రాస్తారు. ప్రాణాంకాల గడిలో రబ్బరు రుద్ది రుద్ది కాగితం పలచబడుతుంది. ‘వృత్తి’ అన్న చోట యోధుడని రాసి కొట్టివేసి, దొంగ అని రాసి, మళ్లీ కొట్టివేసిన పత్రం ఒకటి దొరికితే అది 1978 నాటి కవిదని పోల్చుకోవచ్చు. పాఠపరిష్కర్తలు తాళపత్రాల మీద కొట్టివేతలను, అంచులలోని చేర్పులను చదివినట్టే వీటినీ చదవవచ్చు. ఆటగాళ్లు ఆట ముగిశాక ఈ పత్రాలను పారవేస్తారు, లేదా పుస్తకం మధ్యలో పెట్టి మరచిపోతారు. గ్రంథాలయాలు నియమగ్రంథాలను సేకరించేటప్పుడు పాతపుస్తకాల దుకాణాల నుంచి వచ్చిన ప్రతుల మధ్య ఇటువంటి కాగితాలు కనబడితే దులిపివేయకుండా ఉంచాలి.